ఏసు పంచాయితిల హన్మాండ్లు తీర్పు

దిగవా? ఇంక దిగవా జకరన్నా? నోరు తెర్వవు, డోరు తెర్వవు. ఏం మొండితనమే నీది!

టాక్సీ పఠాను ఇంజను బంద్ జేసి, ఏసీ బంద్ జేసి నమాజుకు వోయిండు. అస్ర్ నమాజు అయ్యేదాంక ఈ గల్లీల షాపులు దెర్వరు, ఈ టాక్సీ కదలది. మనమిద్దరం గీ డబ్బల గూసొని ఉడుకుడే. గప్పటిదాంక నేను మాట్లాడ్త, నువ్వు ఇను. ఇనకుంటే ఎటు వోతవ్?

అగో, మస్జిద్ గోడ పక్కన ఆ తెల్ల పికప్పు జూడు. ఎవ్వలదో జెప్పాల్నా? మన కంపెనీదే. మన డ్రైవరు ఖాజావలిదే. లోపట ఉన్నడు వాడు. నమాజు కాంగనే గా తలుపులకెల్లే బయటికొస్తడు. జర దిగి నిలవడు. ఓ మంచి మాట మాట్లాడు. దానికి నీ ఏసు ఏమన్న కోపానికొస్తడా చెప్పు?

ఏంది, గట్ల గుడ్లురుమి జూస్తవ్? అవ్, నేనే. పఠానుకు గీ గల్లీలకెల్లి పోనియ్యమని నేనే జెప్పిన. సీదా రోడ్డుండంగ గిటెందుకు తిప్పిండని నీకు మొదలే అనుమానం వచ్చింది గద? నమాజుకు పిలిచే అజాన్ అయ్యేయాల్లకు గిక్కడ పడాల్నని పొద్దటిసంది ఎదురుజూసిన. అజాన్ అయితె ఏ టాక్సోడైనా ఆపాల్సిందే గద. తిట్టుకో. మనసుల తిట్టుకునుడేంది, నోరు దెరిచే తిట్టు. గట్లనన్న నీ గొంతు ఇంట.

అరే, గిప్పుడు ఇమానమెక్కి పోతె మల్ల అస్తవా నువ్వు? ఈడ ఉండే ఇఖామా కార్డు రిన్యూకు మెడికల్ జేపిస్తె రొమ్ముల మచ్చ ఉన్నదనిరి. మనల్ని పనికి తెచ్చుకున్న కఫీలు, దేశం ఇడిసి పొమ్మని ఖురూజ్ ముద్ర కొట్టిచ్చి పాస్‌పోర్టు చేతుల వెట్టిండు. ఇగ సౌదీ మొఖం జూడవు. నువ్వు చీరాల దిక్కు, వాడు రాయచోటి, నేను మెట్‌పల్లి. ఊర్లల్లకు వోయినంక ఎవ్వడు ఎవ్వని ఇంటికి వస్తడు? గిన్ని దినాలు ఒక్క రూముల ఒక్కతాన తిని ఒక్కతాన పండినోల్లు గిట్ల ఎడమొఖం పెడమొఖం వెట్టుకొని ఇడిపోతరా? సిగ్గుండాలె.

నేను వాన్ని గూడ అడిగిన. నీకు చెప్పలె గని అడిగిన. 'ఖాజన్నా, బండి నీ చేతుల ఉండంగ జకరన్న టాక్సీల పోవుడేందే, నువ్వే దింపిరా' అన్న. ఏమన్నడో ఎర్కేనా? 'అడగమను, వచ్చి అడగమను, ఎత్తుకపోతా' అన్నడు. నీ దగ్గెరికొస్తె నువ్వేమంటివి? 'వాడొచ్చి రమ్మంటే ఎక్కుతా' అంటివి. ఒకడు అడగాలెనట, ఒకడు పిలవాలెనట. నడ్మల నేను సచ్చిన.

నాకు గిదంత ఎందుకే? నేను ప్లాస్టర్ పనోన్ని. గోడ వంకరుంటె సక్కగ జేసుడెర్క గని మీ ఏసు దేవుడా, నబీనా నాకేం ఎర్క? ఊర్లె ఆయన పేరు పండుగనాడు మైకుల ఇన్నదే. ఆయన గురించి నా నెత్తి గింత ఖరాబ్ అయితదని కలల గూడ అనుకోలె.

కువైట్ యుద్ధం అప్పుడెట్లుంటిరే మీరిద్దరు? యాదికున్నదా, లేకుంటె అది గూడ దగ్గుల కొట్టుకపోయిందా? సైరను మోగుడు, కంపెనీ పెద్దసార్లు జిద్దాకు ఉరుకుడు, మన పాస్‌పోర్టులేమో కఫీలు బీరువల. ఎటు పోతం? కిటికీలకు టేపులు అతికిచ్చి, తడి తువ్వాలలు తలుపు కింద గుక్కి, కిటికీ లేదని బాత్రూములకు సొచ్చి ముగ్గురం గూసుంటుంటిమి. పైనకెల్లి స్కడ్డు మిసైలు అస్తున్నదంటె వాడు కలిమా సదువుడు, నువ్వు స్తోత్రం, నేను ఆంజనేయా ఆంజనేయా. ఒకని మోకాలు ఒకని మూతికి తగులుతుండె. గంత ఇరుకుల గూడ ఎవ్వడు ఎవ్వని దేవునికి అడ్డం రాలె.

మల్ల కువైట్ల పెట్రోలు బావులు కాలవట్టె. ఆ పొగ వచ్చి మన ఖోబర్ మీద వడి, పట్టపగలే లైట్లేసుకునుడు. ఆరేసిన బట్టల మీదంత మసి. నువ్వేమంటివి? 'అంత్యదినాలు వచ్చేశాయి' అంటివి. వాడేమో 'ఖయామత్ నిషానీ ఇదే' అనె. 'ఇగ ఆయన దిగొచ్చేటట్టే ఉన్నడు' అని ఇద్దరనవడితిరి. ఎవ్వలొస్తరే అని అడిగితె, అబ్బ, ఇద్దరొక్కటే పేరు జెప్పిరి! నువ్వు ఏసుప్రభువు అంటివి, వాడు ఈసా నబీ అనె. మాకూ అట్నే చెప్పినారు, ఆయన మళ్లీ దిగొస్తాడని, అనె.

నాకు మస్తు ధైర్యమొచ్చిందన్నా అప్పుడు. రెండు మతాలోల్లు వేరే వేరే పుస్తకాలు సదివి ఒక్కడే మనిషి వస్తడంటున్నరంటె ఎట్ల అబద్ధమైతది అనుకున్న. ఆయన వస్తె నా పేరు గూడ జెప్పుండ్రి, నేను గూడ మీతోనే ఉంటిననుండ్రి అని మిమ్మల్ని బతిలాడిన. మీరిద్దరు నవ్విండ్రు. చెప్తంలేర అన్నరు.

వస్తడన్నన్ని దినాలు అన్నదమ్ముల లెక్క ఉంటిరి. యుద్ధం ఆగింది, పొగ వోయింది, ఆయన రాలె. ఇగ అప్పుడు మొదలాయె మీ లొల్లి, అసలు ఆయనెవ్వడని!

ఖాజన్నకు ఆ క్యాసెట్టు ఇచ్చినోడు ఎవ్వడో గని వాని చేతులిరగ. ఉర్దూల బహస్. ఒక ముల్లాసాబు, ఒక పాస్టరు స్టేజెక్కి, ఏసు నేను దేవున్నన్నడా అనలేదా అని కొట్లాడుడు. నడ్మనడ్మ జనం చప్పట్లు. పికప్పుల అదే, రూముల అదే, అన్నం తింటుంటె అదే. నువ్వన్న ఊకుండద్దా? 'మా వాళ్ళని సరిగా మాట్లాడనియ్యలేదు, ఆ పాస్టరుకి జవాబు రాలేదు గానీ నన్నడుగు చెబుతా' అని నువ్వు కుస్తీకి దిగితివి.

ఇగ రోజు అదే బతుకు. వాడు చెంచా పట్టుకొని, 'నేను దేవుణ్ణి, నాకు మొక్కండి అని ఆయన తన నోటితో యాడ చెప్పినాడబ్బా? ఒగ్గ మాట సూపీ, ఇప్పుడే ఒప్పుకుంటా!' అనుడు.

నువ్వేమో, 'నీ పాపాలు క్షమించానన్నాడు కదయ్యా, ఆ మాట మామూలు మనిషి అనగలడా? తండ్రీ తానూ ఒకటేనన్నాడు. అది విని వాళ్ళు రాళ్ళెత్తారు. ఎందుకెత్తారంటావ్? ఏమన్నాడో వాళ్ళకర్థమైంది కాబట్టి! అక్కడ నిలబడి విన్నోళ్ళకి అర్థమైంది, నీ క్యాసెట్టోడికి కాలేదా?' అనుడు.

వాడు ఊకుంటడా? 'రాళ్లెత్తినోళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారబ్బా, ఆయన సర్ది చెప్పినాడు, అది మింగేస్తివే! మరి కొండెక్కి ఒంటిగా ప్రార్థన చేసినాడే, ఎవరికి చేసినాడు? తనకు తానే మొక్కుకున్నాడా? తండ్రి నాకంటే పెద్ద అన్యాడా లేదా?' అనుడు.

నిజం జెప్తున్న జకరన్నా, నువ్వు రాళ్ల ముచ్చట జెప్పినప్పుడు, ఇగ అయిపోయింది, జకరన్నదే నెగ్గింది అనుకున్న. వాడు కొండ ముచ్చట జెప్పంగనే, అయ్యో, ఖాజన్నదే నిజమున్నట్టుంది అనుకున్న. దినాం ఒకలు గెలుస్తుండ్రి. నేను వండిన పప్పు మాత్రం సల్లారుతుండె.

గదొక్కటేనా నా బాధ? గోడకవతల పరాయి మనుషులు. గీ దేశంల గిసొంటి ముచ్చట ఎవ్వని చెవులన్న వడ్డదంటె ముగ్గుర్ని ఒక్కతాన కట్టి ఇమానం ఎక్కిస్తరు. మెల్లగ, మెల్లగ అనుకుంట నేను తలుపుకు చద్దరు అడ్డం గట్టి కావలి గూసునుడు. మీరిద్దరు దేవుని గురించి కొట్లాడుతుంటె నేను పోలీసోల్ల గురించి గజగజ వణుకుడు. ఎన్నడన్న అడిగిండ్రా, హన్మాండ్లూ నీకు భయమైతున్నదా అని? అడగలె.

ఆఖరికి నన్నే పట్టుకుంటిరి. శుక్రవారంనాడు బువ్వ తిన్నంక ఇద్దరొక్కటై నన్ను పెయింటు డబ్బ మీద గూసోవెట్టిరి. 'హన్మాండ్లు ఇటు కాదు, అటు కాదు. వాడే చెప్పనీ' అనిరి. నేను ఒద్దు మొర్రో అంటనే ఉన్న. ఒద్దన్ననా లేదా? చెప్పు, నీ దేవుని ముంగట చెప్పు! చెప్పాల్సిందే అని ఇద్దరు పట్టువడితిరి.

నాకెట్ల ఎర్కనో గట్ల జెప్పిన. మా ఊర్లె పంచాయితి అయితె పెద్దమనిషి ఎవ్వన్ని ఓడగొట్టడు. ఇద్దరు తలెత్తుకొని ఇంటికి పోయేటట్టు జెప్తడు. గట్లనే జెప్పిన. మా పొలిమేరల లస్మవ్వ తల్లి ఉన్నది. ఒకప్పుడు ఆమె మనిషేనట. గత్తర రోగం వచ్చి ఊరోల్లంత ఉరికితె, పడిపోయినోల్లకు గంజి వోసుకుంట ఒక్కతే ఉన్నదట. ఆమె సచ్చినంక రాయి వెట్టినం, పసుపు రాసినం, బోనం ఎత్తుతున్నం. లస్మవ్వ ఎన్నడన్న నేను దేవతనని ఎవ్వలతోనన్న అన్నదా? అనలె. అది మొక్కేటోల్లు అనే మాట గని మొక్కిచ్చుకునేటోల్లు అనే మాట గాదు. మంచోడు నేను మంచోన్నని చెప్పుకుంట తిరుగుతడా?

గందుకని, జకరన్న మొక్కుతుండు కాబట్టి జకరన్నకు ఆయన దేవుడు. ఖాజన్న మొక్కడు కాబట్టి ఖాజన్నకు నబీ. ఇద్దరిది నిజమే. నాకైతె ఏ అభ్యంతరం లేదు, ఊరికి వోయినంక లస్మవ్వ పక్కపొంటి ఆయనకు గూడ ఒక రాయి వెట్టి దినాం దీపం ముట్టిస్త అన్న.

గిండ్ల తప్పేమున్నది? నాకు ఈనాటికి సమజ్ అయితలేదు. మా దిక్కు ఎవ్వనికన్న జెప్పు, మంచిమాట అంటరు. నేను సంబురంగ జెప్పి మీ మొఖాలు జూస్తి. వాడు చెంపలేసుకొని తౌబా తౌబా అన్నడు. అల్లా పక్కన ఒకరిని నిలవెడితేనే పాపం, నువ్వు ఊరంతా నిలవెడతావేం రా అన్నడు. నువ్వు మంచం మీదికెల్లి లేశి, 'నా ప్రభువుని తీసుకెళ్ళి రాళ్ళ వరసలో పెడతావా?' అని నా మీదికొస్తివి. ఇద్దరు ఒక్క గొంతుతోని నన్ను తిట్టిండ్రు. యుద్ధం ఆగినంక మీరిద్దరు ఒక్క మాట మీద ఉన్నది ఆ ఒక్కనాడే.

నన్ను తిట్టి ఊకున్నా బాగుండు. తెల్లారి ఒకల్ల మీద ఒకలు వడితిరి. 'నీ క్యాసెట్టు వల్లే నా దేవుడికి ఇంత అవమానం' అని నువ్వు. 'మనిషికి మొక్కేది మీరు నేర్పబట్టే వాడు ఆ మాట అనె' అని వాడు. ఇగ మాటల్లేవు. రెండు స్టవ్వులు, రెండు గిన్నెలు. 'హన్మాండ్లూ, ఉప్పెక్కడ పెట్టాడో అడుగు.' 'హన్మాండ్లూ, లైటు ఆర్పాల్నేమో కనుక్కో.' మంచానికి మంచానికి నడ్మ జానెడు జాగ లేదు, నేను మాటలు మోసిన. ఎవ్వడన్న ఇంటె నవ్వుతడు. నాకు నవ్వు రాలె, ఏడుపొచ్చింది.

నీకు దగ్గు వట్టుకున్నప్పుడు సీసాల మందు నేను తెచ్చిననుకుంటివి గద? నేనే తెచ్చిన అని నేను గూడ అన్న. నాకు మందుల దుకాణంల అరబ్బీల మాట్లాడొస్తదా, నెత్తి? ఖాజానే తెచ్చిండు. తన పేరు చెప్తే తాగడు, నువ్వే ఇయ్యి అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిండు గని పోయేటోనికి చెప్పక ఎవ్వలకు జెప్పాలె?

ఇంకోటి జెప్త. తెల్లారగట్ల ఫజ్ర్ నమాజైనంక వాడు చేతులు జాపి దువా జేస్తడు గద. అరబ్బీల అయినంక తెలుగుల జేస్తడు. నేను లేశే ఉంట, ఇంట. 'యా అల్లా, జకరయ్యకు రొమ్ము నయం చేయి, వానికి సరైన దారి సూపీ' అంటడు. పేరు వెట్టి అంటడన్నా! ఒక్కపూట మర్సిపోలె. నువ్వు తక్కువ తిన్నవా? దుప్పటి ముసుగేసుకొని 'ప్రభువా, వలీ మంచోడు, వాడి కళ్ళు తెరిపించు' అని గొణుగుతవ్. నాకు చెవులు లేవనుకున్నవా?

ఇద్దరి మొర ఒక్కసారే ఆయన ఆలకిచ్చిండనుకో, ఏమైతది? పొద్దుగాల వాడు ఏసుకు మొక్కుకుంట లేస్తడు, నువ్వు టోపీ వెట్టుకొని నమాజుకు ఉరుకుతవ్! మల్ల లొల్లి మొదటికే! మల్ల నన్ను డబ్బ మీద గూసోవెడ్తరు!

నవ్వుతున్నవా? దగ్గా అది? నవ్వే, నేను జూసిన. దొరికినవ్ తీ!

గింత ప్రేమ వెట్టుకొని గిదేం పంతమే అన్నా? ఒకని కోసం ఒకడు దేవుని కాల్లు పట్టుకుంటరు గని ఎదురుంగ నిలవడి ఓ మాట మాట్లాడరు. నాకు మీ ఇద్దరు గావాలె. ఎవ్వల దేవుడు గెలిచినా నాకు ఫికరు లేదు. మీరిద్దరు మాట్లాడుకోకుంట గీ రూము ఇడిసిపెడ్తె నేను ఆ ఖాళీ మంచం జూసుకుంట ఖాజన్నతోని ఎట్ల బతకాలె? వాడు నీ గురించి మాట్లాడడు, నన్ను మాట్లాడనియ్యడు. నా పాణం పోతది.

అగో, నమాజయింది. జనం ఎల్తుండ్రు. జరుగు, జర కనవడనియ్యి. అగో, అగో ఖాజన్న! చెప్పులు తొడుక్కుంటుండు. జూసిండు, మనల్ని జూసిండు. దిగు అన్నా! నీ కాల్లు మొక్కుత దిగు. డోరు నేను తీస్తున్న, కాలు కిందవెట్టు చాలు.

గిటే అస్తుండు. జకరన్నా, గిటే! సక్కగ గూసో. తిడ్తడేమో, తిట్టనియ్యి, నువ్వు ఎదురు మాట్లాడకు.

ఏం ఖాజన్నా? డిక్కీ ఎందుకు తీస్తున్నవే? అరే, ఆ పెట్టె జకరన్నది! అరే, జర చెప్పి తీసుకోరాదు! పఠాన్ భాయ్, మీరు ఉండుండ్రి, కొట్లాట గాదు, అప్నా ఆద్మీ హై.

పెట్టె తీస్కపోయి పికప్పుల ఏశిండు జకరన్నా. ఏశి, డోరు తెరిచి వట్టుకొని నిలవడ్డడు. రమ్మంటలేడు. ఒట్టిగ నిలవడ్డడు. మొఖం అటు తిప్పుకున్నడు జూడు. కండ్లు తుడుస్తుండా, చెమటనా?

అరే, దిగినవా! దిగినవా నువ్వు! నేను గింతసేపు మొత్తుకుంటె కదలలె గని వాడు డోరు తీస్తె పోతున్నవా? పో, పో. మెల్లగ, దగ్గొస్తది. నేను గూడ అస్తున్న ఆగుండ్రి.

జర జరుగు ఖాజన్నా. ఏడ గూసోవాలె నేను? ముంగట రెండే సీట్లాయె. ఎనుక గూసుంటనే. ఏంది? తోవల చెక్కింగు ఉంటదా? అవ్, యుద్ధం అయినకాడికెల్లి ఎనుక మనుషులుంటె దింపుతున్నరు గద. మరి నేనెట్ల? మీరిద్దరే పోతరా? సరే. గట్లనే గానియ్యుండ్రి. నేను మొదటిసంది అనుకున్నది గిదే గద.

అద్దం దించు జకరన్నా. ఇనవడ్తలేదు. ఏమంటున్నరు లోపట? ఏందీ? కొండ ముచ్చటనా? అప్పుడే మొదలువెట్టిండ్రా! ఇంక బండి స్టార్టన్న గాలె గదనే! నువ్వేమంటున్నవ్ జకరన్నా చెయ్యి ఊపుకుంట, రాళ్లెత్తిన ముచ్చటనా? అయ్యో దేవుడా! ఇన్ని దినాలు కడుపుల దాసుకున్నదంత గిప్పుడే గావాల్నా మీకు?

జకరన్నా! గిటు జూడు, అద్దం దించు! నేనే, హన్మాండ్లును! ఖాజన్నా, ఒక్క నిమిషం ఆపే, బండి ఆపే!

ఆపలె. మలుపు తిరిగిండ్రు. పాయె.

పో అన్నా, పో. కొట్లాడుకుంటనే పోండ్రి ఎయిర్‌పోర్టు దాంక. ఆయన నేను దేవున్నని చెప్పిండో చెప్పలేదో మీరే తేల్చుకోండ్రి. నువ్వు మాత్రం నాకు పోయొస్త అని చెప్పలె జకరన్నా.